మఠంలో అక్క గది

మార్చి 3

పొద్దున్న పూజ అయ్యాక ఫాదర్ అంతోని గారు గుడి మెట్ల దగ్గర ఆపారు. "ఫిలిప్ గారూ, ఇది మీరే చూడాలండీ" అన్నారు. ఆ మాట వినపడిందంటే జీతం లేని పని ఒకటి నెత్తిన పడబోతోందని నాకు తెలుసు. పడింది. ఏలూరు కాలువ పక్కన మన మఠం, సిస్టర్లు ఖాళీ చేసి వెళ్ళాక మూడేళ్ళుగా గబ్బిలాలు కాపరం చేస్తున్న మఠం, ఒక కోచింగ్ కాలేజీ వాళ్ళకి ఆడపిల్లల హాస్టల్‌గా ఇచ్చేశారట. నూట నలభై మంది పిల్లలు. జూన్ అయిదుకి తెరవాలట. విచారణ, అంటే మా గుడి సంఘం, తరఫున పని దగ్గర నిలబడే మనిషి కావాలట. మున్సిపాలిటీలో ముప్పై రెండేళ్ళు వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా అరిగిపోయి రిటైరైన వాణ్ణి ఊళ్ళో నేనొక్కణ్ణే దొరికాను.

కుదరదని చెబుదామనే నోరు తెరిచాను. తాళాల గుత్తి చేతిలో పెట్టేశారు.

లోపలి తలుపు తాళం కూడా అందులో ఉంది.

మార్చి 4

వెళ్ళాను. గేటు, వరండా, చూడ్డానికొచ్చినవాళ్ళు కూర్చునే పార్లర్. పార్లర్ వరకూ నాకు కొత్తేం కాదు. ఏడో ఏట నుంచీ నెలకొకసారి, మొదటి ఆదివారం, అమ్మ చెయ్యి పట్టుకుని వచ్చి కూర్చున్న గదే. అటు ఒక బెంచీ, ఇటు ఒక బెంచీ. అటు అక్క. అక్క పక్కన ఎప్పుడూ ఇంకో సిస్టరమ్మ, తల దించుకుని లేసు అల్లుకుంటూ. వాళ్ళ రూలు అది, ఒక్కరే మాట్లాడకూడదు. "బాగున్నావా అమ్మా?" "బాగున్నానమ్మా." అరగంటకి గంట కొట్టేవాళ్ళు. అక్క లేచి లోపలి తలుపు తీసుకుని వెళ్ళిపోయేది. మగవాళ్ళు ఆ తలుపు దాటకూడదు, అది నాకంటే ముందు పుట్టిన రూలు.

తిరిగొచ్చేటప్పుడు కాలువ గట్టు మీద అమ్మ ప్రతిసారీ ఒకటే మాట. "చూశావుగా. నీ ప్రాణానికి బదులు దాన్నిచ్చాం. గుర్తుపెట్టుకుని బతుకు."

టైఫాయిడ్. నాకు ఏడేళ్ళు. పిల్లాడు బతికితే పిల్లని దేవుడికి ఇస్తామని గుణదల మాతకి మొక్కు. నేను బతికాను. పదహారేళ్ళ అమలక్క మఠంలోకి వెళ్ళింది. యాభై అయిదేళ్ళయింది, అమ్మ పోయి ఇరవై ఏళ్ళయింది, ఆ మాట మాత్రం పోలేదు.

ఇవాళ ఆ తలుపు తీశాను. కింద పట్టేసింది, భుజం పెట్టి తోయాల్సి వచ్చింది. లోపల పొడుగాటి వసారా, పైన అటూ ఇటూ చిన్నచిన్న గదులు. గదికో మంచం, గోడకో మేకు. ఒక్క గదే పెద్దది. ఈశాన్యం మూల. తలుపు కూడా మిగతావాటికంటే వెడల్పు. చూడగానే తెలిసిపోయింది. ట్యూషన్ నుంచి కాలువ గట్టున వస్తూ నేను రోజూ తలెత్తి చూసిన కిటికీ అదే. మఠం మొత్తం చీకటిగా ఉన్నా ఆ కిటికీలో దీపం ఉండేది. అదే అక్క గది. అక్క అంటే వాళ్ళకి గౌరవం కాబట్టి పెద్ద గది ఇచ్చి ఉంటారు.

ఆ గది మధ్యలో నిలబడి ఏడ్చాను. అరవై రెండేళ్ళ వాణ్ణి. ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

మార్చి 5

ఆ గది హాస్టల్‌కి ఇవ్వను. అక్కని తెచ్చి అందులో పెడతాను. తేలిపోయింది.

మార్చి 6

అన్నం పెడుతుంటే మా ఆవిడతో చెప్పాను. తెరేసమ్మ గరిటె ఆపి, "వదిన్ని అడిగారా?" అంది.

"అడిగేదేముంది? డెబ్బై ఒకటి దాటాయి. హనుమాన్ జంక్షన్ అవతల ఆ ముసలి సిస్టర్ల ఇంట్లో ఎవరున్నారు అక్కకి? ఇక్కడైతే నేనుంటాను. పూజకి వెళ్తూ వస్తూ చూసుకుంటాను. ఉన్న ఇంట్లోంచి తీసుకెళ్ళి ఎక్కడో పడేశారు."

"అది సరేనండీ. వదిన్ని అడిగారా అని."

ఈవిడతో ఇదే. ఒక మాట పట్టుకుందంటే ఉడుం పట్టే. పప్పు వద్దని లేచిపోయాను. తర్వాత ఆకలేసింది, అది వేరే సంగతి.

మార్చి 11

కాలేజీ తరఫున హేమసుందర్ అని ఒక కుర్ర మేనేజరు దిగాడు. చేతిలో ట్యాబు, నోట్లో "నో ఇష్యూస్ సార్". గోడలకి సిమెంటు ప్లాస్టరింగ్ చేయిస్తాడట. అయ్యా, ఇది గుల్లసున్నం గోడ, రెండడుగుల మందం, తొంభై ఏళ్ళ నుంచి ఊపిరి పీల్చుకుంటూ బతికింది, దీని మీద సిమెంటు పూస్తే రెండు వానలకి పెచ్చులు పెచ్చులుగా ఊడి పిల్లల నెత్తిన పడుతుంది అని చెప్పాను. "నో ఇష్యూస్ సార్, ఫాల్స్ సీలింగ్ వేస్తున్నాంగా" అన్నాడు. గోడకీ సీలింగుకీ సంబంధం ఏమిట్రా నాయనా! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది.

మేస్త్రీ సూరయ్య మాత్రం పనివాడు. గోడ మీద వేళ్ళతో తట్టి, "ఈ అడ్డగోడలు తర్వాత కట్టినయ్యి సార్. మొదట ఇదంతా ఒకటే హాలు" అన్నాడు. అంటే ఒకప్పటి హాలుని గదులు చేశారు, ఇప్పుడు గదులు కొట్టేసి మళ్ళీ హాలు చేసి రెండంతస్తుల మంచాలు వేస్తారు. మూల గది ఒక్కటే మొదటి నుంచీ గది.

హేమసుందర్ ప్లానులో ఆ మూల గదిలో పన్నెండు మంచాలు. వెలుతురు బాగుందట. నాకు ఒళ్ళు మండింది. ఆ గది లేదు, కొట్టేసుకోండి అన్నాను.

"ఇష్యూ అవుద్ది సార్" అన్నాడు. మొదటిసారి.

మార్చి 19

నిద్ర లేచింది మొదలు ఫోన్లు. కరెంటు వాళ్ళు రారు. వచ్చినవాళ్ళు టేకు దూలానికి కన్నం వేశారు. ఎవడు వెయ్యమన్నాడంటే మేనేజరు గారన్నారు అంటారు. ఆ దూలం మీద పైకప్పు నిలబడింది, వాడి ట్యాబు మీద కాదు. గొంతు బొంగురుపోయింది. తెరేస మిరియాల పాలు ఇచ్చింది. "అడిగారా?" అంది. గొంతు లేదు కాబట్టి జవాబు చెప్పలేదు.

మార్చి 26

ఫాదర్ గారికి ఇంకో కోరిక. హాస్టల్ ప్రారంభానికి చిన్న పుస్తకం వేస్తారట, భవనం చరిత్ర రెండు పేజీలు నేను రాయాలట. మఠం బీరువాలో దొరికిన దినచర్య పుస్తకాలు ఇచ్చారు. రోజూ ఏం జరిగిందో మఠానికి పెద్ద అయిన మదర్ గారు ఇంగ్లీషులో రాసిపెట్టేవారట. గుండ్రటి చేతిరాత, చెదలు కొట్టినచోట తప్ప అన్నీ చదవొచ్చు.

నిజం చెప్పొద్దూ, అన్నం మర్చిపోయి చదివాను. ముగ్గురు విదేశీ సిస్టర్లు, కాలువలో పడవ మీద, రెండు పెట్టెలు, ఒక హార్మోనియం. మొదట దిగిన అద్దె ఇంట్లో తేళ్ళు. ఈ భవనానికి గుల్లసున్నం కొల్లేటి నుంచి పడవల్లో వచ్చిందట, సున్నం గానుగ తిప్పిన ఎద్దుకి వాళ్ళు ఒక పునీతుడి పేరు పెట్టుకున్నారు. లేసు నేర్చుకోవడానికొచ్చిన ఆడవాళ్ళ హాజరు. మందుల గది ముందు వరస. డెబ్బై ఏడు ఉప్పెనకి దివిసీమ నుంచి వచ్చిన మూడు వందల మంది వసారాల్లో పడుకుంటే, పన్నెండు రోజులు లోపలి తలుపు మూయలేదట. మగవాళ్ళు కూడా లోపల పడుకున్నారు. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు, పక్క వీధిలోనే ఉన్నాను. నాకెవరూ చెప్పలేదు!

మార్చి 27

1970 పుస్తకం తీశాను.

జూన్ 14, ఆదివారం: "అమల అనే పిల్ల ఒంటరిగా వచ్చింది. చేతిలో ఒక గుడ్డ సంచి."

జూన్ 17: "అమల తండ్రి వచ్చి గేటు దగ్గర ఏడ్చాడు. ఇంటికి రమ్మన్నాడు. పిల్ల రానంది."

మార్చి 28

ఆ రాసిన మదర్ గారు విదేశీయురాలు. ఆవిడకి తెలుగెంత వచ్చని? నాన్న ఏదో అని ఉంటాడు, ఆవిడకి ఇంకేదో అర్థమై ఉంటుంది. మొక్కు చెల్లించిన మనిషి గేటు దగ్గర ఎందుకు ఏడుస్తాడు? బెంగపెట్టుకుని చూడ్డానికి వెళ్ళి ఉంటాడు, అంతే. ఒంటరిగా వచ్చిందట! అమ్మే తీసుకెళ్ళింది. అమ్మ ఎన్నిసార్లు చెప్పింది.

చరిత్రలో ఇవన్నీ రాయక్కర్లేదు.

ఏప్రిల్ 10

సిస్టర్ల పెద్దావిడకి ఉత్తరం రాశాను. మూల గది విచారణ అధీనంలోనే ఉంటుందనీ, అందులో సిస్టర్ అమల గారు శేషజీవితం గడపడానికి అనుమతి ఇవ్వాలనీ. "మా అక్కగారి కోరిక మేరకు" అని రాశాను. అబద్ధమేం కాదు. అడిగితే అదే చెబుతుంది.

తెరేసకి చూపించలేదు.

ఏప్రిల్ 13, మ్రానికొమ్మల ఆదివారం

పూజ అయ్యాక విచారణ కమిటీ. చేతుల్లో ఇంకా పూజలో పంచిన మ్రానికొమ్మల ఆకులు ఉండగానే మొదలైంది. ఒక గది తీసేస్తే పన్నెండు మంది పిల్లలకి చోటు పోతుంది, కాలేజీ వాళ్ళు సీట్లు కూడా ఇచ్చేశారు, ఇప్పుడు వాళ్ళని ఎక్కడికి పొమ్మంటాం అని ఫాదర్ గారు. చిన్నవాడు, మెత్తగా మాట్లాడతాడు, అది ఇంకా చిరాకు. "ఫిలిప్ గారూ, సిస్టర్ గారు ఆ మాట అన్నారాండీ?"

లేచి నిలబడ్డాను. అరిచాను. "ఈ గుడికి మీలో ఒకళ్ళు ఫ్యాన్ ఇచ్చారు, ఒకళ్ళు గంట ఇచ్చారు. మా ఇంట్లోంచి మనిషిని ఇచ్చాం! నా ప్రాణానికి బదులు మా అక్కని ఇచ్చాం! ఒక గది ఇవ్వలేరా మీరు?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఫాదర్ గార్ని "మీరు పుట్టక ముందు సంగతులు మీకేం తెలుసు" అన్నాను.

అందరూ నేల చూపులు చూశారు. గది ఇచ్చేశారు.

గెలిచాను. ఇంటికొచ్చేసరికి చేతిలో ఆకు నలిగి పచ్చగా అంటుకుపోయి ఉంది. తెరేస మజ్జిగ ఇచ్చింది. "అడిగారా" అని కూడా అడగలేదు.

ఏప్రిల్ 24

సూరయ్య చేత గదికి సున్నమే వేయించాను, లేత నీలం కలిపి. కొత్త మంచం. బాత్రూంలో పట్టుకోవడానికి స్టీలు కడ్డీ. కిటికీ రెక్కలు గీకించి నూనె పెట్టించాను. మిగతా భవనమంతా సమ్మెట దెబ్బలు, దుమ్ము, బూతులు. ఈ గదిలోకి వస్తే చల్లగా ఉంటుంది.

సూరయ్య, "అక్కగారు అదృష్టవంతులు సార్" అన్నాడు. ఇన్నాళ్ళకి ఒక మనిషి సరైన మాట అన్నాడు.

మే 2

అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్ ఫిలిప్పూ, మా సిస్టర్ల పెద్దమ్మగారు పిలిచి నీ ఉత్తరం చూపించారు. 'నా కోరిక మేరకు' అని ఉంది. నేనెప్పుడు కోరానురా?"

నవ్వుతోందో తిడుతోందో తెలియలేదు. వచ్చి చూడు అక్కా, చూశాక మాట్లాడు అన్నాను. మంగళవారం వస్తానంది.

చూస్తే కాదనదు.

మే 6

కారు పంపుతానంటే వద్దంది. జంక్షన్లో బస్సెక్కి, బస్టాండులో దిగి, ఆటో మాట్లాడుకుని, ఆ ఎండలో గొడుగేసుకుని వచ్చింది. ఆటోవాడితో ఏదో నవ్వుతూ దిగింది. నేను గేటు దగ్గర గంట ముందు నుంచీ నిలబడ్డాను, ఇస్త్రీ చొక్కా వేసుకుని.

లోపలి తలుపు నేను తీసి పట్టుకుందామనుకున్నాను. అక్క నన్ను పక్కకి జరిపి అడుగున చెప్పుతో ఒక్క తన్ను తన్నింది. తెరుచుకుంది. ఇటుక ముక్కల మీద నాకంటే గబగబా నడిచింది. సూరయ్యని పలకరించింది, వాడి ఊరు అడిగింది. అడ్డగోడలు కొట్టేసిన హాలు చూసి, "అబ్బ, ఇప్పుడు బాగుంది, గాలాడుతోంది" అంది. నాకు చివుక్కుమంది.

పైకి తీసుకెళ్ళి మూల గది తలుపు తీశాను. "ఇదిగో అక్కా, నీ గది."

మంచం చూసింది. నీలం గోడ చూసింది. స్టీలు కడ్డీ పట్టుకుని ఊపి చూసింది.

"ఇది నా గదని ఎవరు చెప్పారురా?"

"ఒకళ్ళు చెప్పడమేంటి? ట్యూషన్ నుంచి వస్తూ రోజూ చూసేవాణ్ణిగా. ఈ కిటికీలోనే దీపం ఉండేది."

"ఉంటుంది మరి. ఇది జబ్బు గది" అంది. "ఇంక లేవరు అనుకున్న వాళ్ళని తెచ్చి ఇందులో పడుకోబెట్టేవాళ్ళం. పక్కన ఎవరో ఒకరం దీపం పెట్టుకుని కూర్చునేవాళ్ళం. నలుగురు నా చేతుల మీదే పోయారు, ఇక్కడే. ఆ తలుపు అంత వెడల్పు ఎందుకనుకున్నావు? శవపెట్టె తిరగొద్దూ?"

నేను మంచం మీద కూర్చుండిపోయాను.

"మరి నీ గది ఏదక్కా?"

"నాకు గదేంటిరా? మొదటి పదేళ్ళూ హాల్లో తెరలు కట్టుకుని వరసగా పడుకున్నాం. గదులు కట్టాక ప్రతి జనవరిలో చీటీలేసి మార్చేవారు, గది మీద మమకారం పెరగకూడదని. ఈ మఠంలో నేను పడుకోని గది లేదు. ఇదొక్కటి తప్ప. నువ్వేమో ఏరికోరి దీంట్లోకే తెచ్చావు!"

నవ్వింది. పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఏం రాలేదు. నా నోట్లోంచి యాభై అయిదేళ్ళ నాటి మాట ఊడిపడింది. "నన్ను బతికించడానికి నిన్ను ఇక్కడ పడేశారు అక్కా. నీకేం చెయ్యలేకపోయాను. ఒక్క గదైనా ఇద్దామని."

నవ్వు ఆపింది. "ఎవరు పడేశారు?"

"అమ్మ. మొక్కుకుందిగా గుణదల మాతకి."

అక్క గొడుగు గోడకి ఆనించింది. వచ్చి పక్కన కూర్చుంది. అటు బెంచీ మీద కాదు, పక్కన. మూడో మనిషి లేకుండా.

"అమ్మ అలా చెప్పిందా నీకు?" అంది. "అది అమ్మ మొక్కు కాదురా. నాది. నాది కూడా కాదు, చెప్పేస్తున్నాను విను. మన ఇంట్లో ఒక గదిలో తొమ్మిది మందిమి. ఎనిమిదో తరగతి మధ్యలో మాన్పించి మీ అందరి ముక్కులు తుడిచే పని పెట్టారు నాకు. మదర్ గారు చదివిస్తాం రమ్మన్నారు. నాన్న చస్తే ఒప్పుకోడు. అప్పుడు నీకు టైఫాయిడ్ వచ్చింది. నువ్వు బతుకుతావని డాక్టరు చెప్పేశాడు, ఆ మాట నేనే విన్నాను ఆస్పత్రిలో. ఇంటికొచ్చి, తమ్ముడు బతికితే మఠంలో చేరతానని గుణదల కొండెక్కి మొక్కుకున్నానని అమ్మతో చెప్పాను. మొక్కంటే ఇంక అమ్మ ఏమంటుంది? నాన్న మాత్రం గేటు దగ్గరికొచ్చి ఏడ్చాడు పాపం. నీ జ్వరం నాకు దొరికిన సాకురా ఫిలిప్పూ."

"కొండెక్కి మొక్కుకోలేదా?"

"కొండే ఎక్కలేదు. ఎండగా ఉందని మెట్ల దగ్గర్నుంచే తిరిగొచ్చేశాను. ఆ తర్వాత పాపసంకీర్తనంలో ఫాదర్ గారి ముందు ఆ అబద్ధం ఒప్పుకున్నానులే. ప్రాయశ్చిత్తంగా మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమన్నారు."

మూడు మంగళవార్త జపాలు! నా యాభై అయిదేళ్ళకి!

అరిచాననుకుంటా. సూరయ్య పైకి తొంగిచూసి వెళ్ళిపోయాడు. "మరి సుఖంగా ఉన్నావా ఇక్కడ?" అని అడిగాను. "కొన్నాళ్ళు ఏడ్చాను, కొన్నాళ్ళు నవ్వాను. టీచర్నయ్యాను. నువ్వు పెళ్ళి చేసుకుని ఏం చేశావు? అదే నేనూ చేశాను" అంది. జంక్షన్ దగ్గర ఆవిడకి పన్నెండు కోళ్ళున్నాయట. ఊళ్ళో ఆడవాళ్ళకి సాయంత్రం సంతకాలు నేర్పిస్తోందట. ఇక్కడికొస్తే అవన్నీ ఎవరు చూస్తారంది. "ఈ గది ఆ పిల్లలకి ఇచ్చెయ్. చదువుకోడానికొచ్చే ఆడపిల్లలకి చోటు లేకుండా చేస్తావా, నా పేరు చెప్పి?"

"నీకోసం నేను ఈ ఊరు వదల్లేదక్కా" అన్నాను. ఎందుకన్నానో తెలీదు, ఇంకేం మిగల్లేదు చేతిలో. "విశాఖ పోర్టులో ఉద్యోగం వచ్చింది, డ్రాఫ్ట్స్‌మన్‌గా. నువ్విక్కడ ఒక్కదానివే ఉన్నావని వెళ్ళలేదు."

"నేనడిగానా?" అంది.

కోపంగా కాదు. నిజంగా గుర్తు చేసుకుంటున్నట్టు, ఎప్పుడైనా అడిగిందేమోనని.

మే 7

రాయను.

మే 9

తెరేసకి అంతా చెప్పాను. "పదిసార్లు అడిగాను, వదిన్ని అడిగారా అని" అంటుందేమోనని చూశాను. అనలేదు. అంటే బాగుండేది, తిరిగి నాలుగు అనేవాణ్ణి. "అన్నం తినండి" అంది.

కోపం ఎవరి మీదో తెలియట్లేదు. అక్క మీదా? పదహారేళ్ళ పిల్ల, చదువుకోవాలనుకుంది, తప్పేముంది? అమ్మ మీదా? అమ్మకి తెలుసా తెలియదా? కూతురు చెప్పిన మొక్కుని తన మొక్కు చేసుకుని ఊరంతా చెప్పుకుని తిరిగింది, నన్ను దాంతో కట్టేసింది. చచ్చిపోయిన మనిషితో ఏం దెబ్బలాడతాం. నాన్న గేటు దగ్గర ఏడ్చాడని మదర్ గారు నిజమే రాశారు. తెలుగు రానిది నాకే.

కమిటీలో అరిచిన అరుపు గుర్తొస్తే చెవులు కాలిపోతున్నాయి. మనిషిని ఇచ్చాం, మనిషిని ఇచ్చాం!

మే 14

ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళాను. మూల గది హాస్టల్‌కి ఇచ్చెయ్యండి, మా అక్కకి అక్కర్లేదట అన్నాను. కారణం అడుగుతారని పొద్దున్నుంచీ నాలుగు రకాల జవాబులు తయారుచేసుకున్నాను. అడగలేదు. "కాఫీ తాగుతారా ఫిలిప్ గారూ?" అన్నారు. అడుసు తొక్కనేల కాలు కడగనేల. ఆ రోజు అన్న మాటలకి క్షమించమన్నాను. "నిజంగానే నేను పుట్టకముందు సంగతులేగా" అన్నారాయన. మెత్తటి మనిషి. చిరాకు పుట్టలేదు ఈసారి.

హేమసుందర్ మంచాలు తెప్పించాడు. వెడల్పు తలుపు కాబట్టి విప్పకుండా నేరుగా పట్టాయి. "సూపర్ డోర్ సార్" అన్నాడు. ఎందుకు వెడల్పో చెప్పలేదు. స్టీలు కడ్డీ ఉంచమన్నాను, పిల్లలు తువ్వాళ్ళు ఆరేసుకుంటారు.

సిమెంటు మాత్రం గోడకి తగలనివ్వలేదు. సున్నమే. దాంట్లో తగ్గేది లేదు.

మే 21

చరిత్ర రేపటికల్లా ఇవ్వాలి. పడవ రాశాను, హార్మోనియం రాశాను, గుల్లసున్నం, ఎద్దు, లేసు, ఉప్పెన అన్నీ రాశాను. "ఇక్కడికి వచ్చిన ఆడపిల్లలు చదువుకోవడానికి వచ్చారు" అని ఒక వాక్యం రాశాను. అక్క పేరు రాయలేదు. అది తన ఇష్టం, అడిగి రాయాలి.

అంతా అయ్యాక కూడా పెన్ను పెట్టబుద్ధి కాలేదు. "నేనడిగానా" అన్న మాట పదిహేను రోజుల నుంచీ నమలలేక మింగలేక ఉన్నాను. ఇది నేను తప్ప ఎవరూ చదవని పుస్తకం. ఇందులో కూడా అబద్ధం రాస్తే ఇంకెక్కడ రాస్తాను?

విశాఖ ఇంటర్వ్యూకి వెళ్ళాను. లాడ్జిలో రెండు రోజులున్నాను. ఎవరూ తెలియదు. హోటల్లో భోజనం అడగడానికి నోరు పెగల్లేదు. రోడ్డు దాటితే సముద్రం, అంత నీళ్ళు చూసి లాడ్జి గదిలోకొచ్చి తలుపేసుకున్నాను. ఇరవై నాలుగేళ్ళ వాణ్ణి, తిరుగు రైలెక్కి బెజవాడ స్టేషన్లో దిగాకే నోరు తెరిచి టీ అడిగాను. ఆర్డరు వచ్చిన రోజున అమ్మతో, "అక్కని వదిలి ఎలా వెళ్తానమ్మా" అన్నాను. అమ్మ నన్ను కావలించుకుంది. ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

భయమేసింది. అంతే. భయమని చెప్పలేక అక్క పేరు చెప్పాను.

రాసి చూసుకుంటే సిగ్గేసింది. వెంటనే ఫోన్ చేశాను. లేకపోతే రేపటికి దీనికి కూడా ఏదో ఒక పేరు పెట్టేస్తాను, నా సంగతి నాకు తెలుసు.

"అక్కా, విశాఖ నీకోసం మానలేదు. భయపడి మానేశాను."

అటు కోళ్ళ గోల. తర్వాత నవ్వు. దగ్గొచ్చేదాకా నవ్వింది.

"అయితే దొందూ దొందేరా ఫిలిప్పూ! నీ జ్వరం నాకు, నా మఠం నీకు!"

నాకూ నవ్వొచ్చింది. తెరేస వంటింట్లోంచి తొంగి చూసింది.

నవ్వు తగ్గాక అక్క అడిగింది. "పోనీ ఇప్పుడైనా ఎక్కడికైనా వెళ్ళాలనుందా చెప్పు."

ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. ఈ కాలువ గట్టు, ఈ గుడి, తెరేస, పొద్దున్నే సూరయ్యతో గోడ మీద గొడవ. "లేదక్కా. నాకిక్కడే బాగుంది. ఎప్పుడూ బాగానే ఉంది."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకురా ఏడ్చావు?" అంది.